మూడొద్దుల పాలు

నాకు పాప పుట్టింది. ఈ మాట ఎందరికి చెప్పినా తనివి తీరడం లేదు. వార్డు ఊడ్చే ఆమెకు చెప్పాను. కిటికీ కింద పండ్ల బండి నిలుపుకున్నతనికి కేకేసి చెప్పాను. నన్ను కాన్పుగదిలోంచి తీసుకొచ్చి పడుకోబెడుతుంటే చూసిన పక్క మంచం ఆమెకు కూడా, ఆమె ఏమీ చూడనట్టు, మళ్లీ మొదటినుంచి చెప్పాను. డిగ్రీ పాసైన రోజున కూడా నేను ఇంతే. మా ఇంట్లో, మా వాడలో, ఇటు బాపు వైపు అటు అవ్వ వైపు వెతికినా డిగ్రీ అనేది నాతోనే మొదలు. ఆ సంతోషం కడుపులో నిలవక ఆ రోజు బస్సు కండక్టరును కూడా వదల్లేదు నేను.

ఇవాళ పొద్దున ఒక కునుకు పట్టింది. కళ్లు తెరిచేసరికి పాప నా పక్కన లేదు. పక్క మంచం ఆమె ఎత్తుకుని ఊపుతోంది. రాత్రంతా నన్ను నిద్రపోనివ్వని పిల్ల ఆమె చేతుల్లో గుడ్లప్పగించి ఆమె ముఖమే చూస్తూ చప్పుడు లేకుండా ఉంది. మంచి మాట చెప్పాల్సింది. కానీ గుండెలో మిరపకాయల పొగ లేచింది. లేచి కూర్చోవడం కూడా చేతకాని దాన్ని, చేతులు చాచి గుంజుకున్నంత పని చేశాను.

"ఏందమ్మా, నేనేమన్న ఎత్కపోతున్ననా నీ పొల్లను?" అని ఆమె నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఆ మంట నాకు కొత్తే గానీ, దాన్ని నేను ఎరుగుదును. మా అవ్వ ముఖంలో ఏళ్ల తరబడి చూశాను. ఆ మంట పెట్టిన మనిషి కళ్ల ముందుకు వచ్చి నిలబడింది. ఆమె పోయి ఏడాది దాటింది. పేరు రాయను. రాసినా మెట్‌పల్లిలో మా వాడవాళ్లకు ఎవరో తెలియదు. పెద్దవాళ్లకు ఆమె "ఎదురింటామె", పిల్లలందరికీ "చిన్నవ్వ". బాపుకు చిన్నాయన కొడుకు భార్య కాబట్టి నాకు నిజంగానే చిన్నవ్వ. మిగతా వాళ్లందరికీ పాలతో వచ్చిన వరస.

మా సాలెవాడలో అప్పుడు బిడ్డ పుడితే మొదటి మూడు రోజులు తల్లి పాలు ఇచ్చేవాళ్లు కాదు. ఆ పాలు పచ్చగా, చిక్కగా ఉంటాయి. ముర్రుపాలు. అవి బిడ్డకు అరగవని, కడుపులో గడ్డకడతాయని పిండి పారబోసేవాళ్లు. బర్రె ఈనితే మాత్రం అవే పాలతో బెల్లం వేసి జున్ను వండి వాడంతా పంచుకుని తినేవాళ్లం. ఆ సంగతి వేరు. తల్లికి తెల్లటి పాలు పడేదాకా బిడ్డ నోట్లో తేనె రాయాలి, మేకపాలలో గుడ్డవత్తి ముంచి చప్పరించనివ్వాలి. లేదా చంటిబిడ్డ ఉన్న మరో తల్లిని పిలవాలి. ఆ మరో తల్లి మా వాడకు ఎప్పుడూ చిన్నవ్వే. తన పిల్లలూ వాడ పిల్లలూ ఒకరి వెనక ఒకరు తాగుతుండడంతో ఆమెకు పాలు ఎండేవి కావు.

పొట్టి మనిషి. నడిస్తే ముందు మోచేతులు వచ్చేవి, ఆ వెనక ఆమె వచ్చేది. పొద్దంతా రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది కాబట్టి చేతులు ఎప్పుడూ గంజి వాసన వేసేవి. పురిటింటికి పిలుపు వస్తే చుట్టే కండె సగంలో వదిలేసి లేచేది. ఆ ఇంట్లో ఎవరినీ పలకరించేది కాదు. కాళ్లూ చేతులూ కడుక్కుని గోడకు వీపు ఆనించి, ఒక మోకాలు పైకెత్తి కూర్చుని, సర్కారు పని మీద వచ్చిన గిర్దావరులా, "ఏదీ, పట్కరాండ్రి" అనేది. బిడ్డ నిద్రలో ఉంటే అరికాలు మీద గోటితో ఒక్క దెబ్బ. "లే లే. పండెతందుకు ముందు శాన దినాలున్నయి. పని సూడు."

పైసలు తీసుకునేది కాదు. చీర పెట్టబోతే, "నాకు చీరల్లేవా? మా ఇంట్ల నేసేటియి ఏంది మరి, గోనెసంచులా?" అని కసిరేది. ఒక్కటే అడిగేది. "ఎవ్వలు తాగిచ్చిండ్రని ఎవ్వలన్న అడిగితె నేనని చెప్పుండ్రి. నోరు దాసుకోకుండ్రి."

చెప్పకపోతే ఆమే చెప్పుకునేది. అదీ మామూలుగా కాదు. తన పాలు తాగిన పిల్లలను రెండు పక్కలుగా పంచి పెట్టుకుంది. వీడు ఎడమపక్కోడు, అది కుడిపక్కది. ఎడమ వైపు తాగిన వాళ్లకు నోరు ఎక్కువట. కుడి వైపు వాళ్లు లోపలి మనుషులట, మాట కడుపులో దాచుకుంటారట. ఎవరు ఏ పక్కో ఆమెకు కాకుండా మరెవరికి తెలుస్తుంది? మేమంతా నమ్మాం. నమ్మి వీధిలో కొట్టుకున్నాం. కుట్టుమిషను ఆయన కొడుకు ఒకడు తనకు రెండు పక్కలూ ఇచ్చిందని చెప్పుకు తిరిగేవాడు. ఒకరోజు వాణ్ని పట్టుకుని ఎడమవాళ్లు, కుడివాళ్లు కలిసి తన్నాం. వాడు ఏడుస్తూ చిన్నవ్వ దగ్గరికి పోయాడు. ఆమె వాడి ముక్కు తుడిచి, "అవు, నీకు రెండు పక్కలు ఇచ్చిన. నువ్వు పుట్టంగ ఎండ్రికాయంత ఉంటివి గదరా" అంది. ఆ రోజు నేను అన్నం తినలేదు. నాకు ఒక్క పక్కే అని తెలిసి కాదు. వాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పినందుకు.

నేను మూడు రోజులు తాగి వదిలిన పిల్లను కాను మరి! అందరిలోనూ నాకు అదే గర్వం. నేను పుట్టినప్పుడు అవ్వకు జ్వరం పట్టుకుంది. వానలు వెలిసేదాకా మంచం దిగలేదు. చిన్నవ్వకు అప్పుడే కొడుకు. వాడు ఎడమ, నేను కుడి. అవ్వ లేచి, ఒంట్లో ఇంత సత్తువ వచ్చి, నన్ను చేతుల్లోకి తీసుకునేసరికి నేను కప్పు ఎగిరిపోయేలా ఏడ్చానట. అవ్వ రొమ్ము ఇస్తే ముఖం తిప్పానట. బాపు నవ్వుతూ చెబుతుంటే విన్నాను గానీ, అవ్వ ఈ కథ ఎప్పుడూ చెప్పలేదు. మిగతా సగం చిన్నవ్వ చెప్పింది. ఒకరోజు అవ్వ ఎదురింటికి వెళ్లి, కొంగు వేలికి చుట్టుకుంటూ, ఉతకని చీర ఒకటి ఇమ్మని అడిగిందట. అది కట్టుకుని నాకు పాలిచ్చిందట. ఆ వాసనకు నేను కళ్లు మూసుకుని తాగానట.

"మీ అవ్వ గా చీర మర్ల ఇయ్యనే లేదు" అని నవ్వేది చిన్నవ్వ. "పొయ్యిల వెట్టిందేమొ!"

పొయ్యిలో పెట్టిందో లేదో గానీ, ఆ తర్వాత అవ్వ ఆ గడప తొక్కలేదు. చెల్లెలు పుట్టినప్పుడు ఎవరెంత చెప్పినా చిన్నవ్వను పిలవనివ్వలేదు. మూడు రోజులు తేనె, మేకపాలు. ఆ మూడు రోజులూ చిన్నవ్వ తన అరుగు మీద మా ఇంటికి వీపు పెట్టి కూర్చుందట. రాట్నాన్ని కూడా అటు తిప్పుకుందట.

మాటలు మాత్రం ఆగలేదు. రెండు గుమ్మాల నడుమ బండి పోయేంత దారి. ఆ దారి మీదుగానే అన్నీ. నేను ఏడో తరగతిలో మొదటిదాన్నయ్యానని తెలిసి చిన్నవ్వ అక్కడినుంచే అరిచింది.

"అక్కా! నా కుడిపక్క గెల్సిందట గదా!"

"నీ పక్కలు నువ్వే సాపుకో చెల్లె," అంది అవ్వ బియ్యం చెరుగుతూ. "పక్క లేకుంటనే నా రెండోది నడుస్తలేదా, బువ్వ తింటలేదా?"

"తింటంది, తింటంది. గుడ్డవత్తి సప్పరిచ్చినట్టె సప్పరిస్తంది. పెయ్యికి కండ వట్టకపాయె."

చేట అరుగుకు తగిలిన చప్పుడు వీధి చివరకు వినిపించింది. ఆ వారం ఎదురింట్లో కారం తక్కువైనా మా ఇంటికి అడగడానికి రాలేదు. మధ్యలో నేను. అవ్వ ముందు చిన్నవ్వ పేరెత్తితే దెబ్బలు పడేవి. చిన్నవ్వ ముందు అవ్వ పేరెత్తకపోతే, "మీ అవ్వ నా ముచ్చట తీస్తదా?" అని ఆరా. నాకు మాత్రం ఆమె దగ్గరికి ఎప్పుడు పోయినా అక్కడ మరొకరు ఉండేవారు. ఎడమపక్కవాడో, కుడిపక్కదో. ఆమె ఒళ్లో తల పెట్టుకుని పేలు చూపించుకుంటూ. ఆ తలలన్నీ నాకు ఇప్పటికీ గుర్తే. ఒక్కటీ నచ్చలేదు.

డిగ్రీ ఫలితాలు వచ్చిన రోజు వరంగల్ నుంచి పేపరు మడిచి పట్టుకుని మెట్‌పల్లిలో బస్సు దిగాను. నంబరు చుట్టూ గీసిన గీత చెమటకు చెదిరిపోయింది. సోడా బండి అతనికి చెప్పాను, అతను సోడా కొట్టి, "మంచిగ బతుకు బిడ్డా" అని పైసలు వద్దన్నాడు. మా వాడ మలుపు తిరిగేసరికి మా గుమ్మం ముందు ఆడవాళ్లు గుంపుగా ఉన్నారు. నా కోసమే అనుకున్నాను! వార్త నాకన్నా ముందే చేరిందనుకున్నాను.

చెల్లెలికి తెల్లవారుజామున కాన్పయింది. నాకన్నా ముందే పెళ్లయి ఖానాపూర్‌కు కాపురానికి వెళ్లిన పిల్ల, మొదటి కాన్పుకు తల్లిగారింటికి వచ్చింది. నొప్పులు రాత్రంతా పడిందట. ఆడపిల్ల.

"అవ్వా, నేను పాసైన!" అన్నాను గుమ్మంలోనే.

"నీళ్లు మసిలినయా సూడు పో," అంది అవ్వ.

"అవ్వా, డిగ్రీ! మొత్తం పాసైన!"

"ఇంటున్న బిడ్డా, ఇంటున్న. గా కుండ దించి తే ముందు."

బాపు ఒక్కడు మగ్గం గుంతలోంచి తలెత్తి నా వైపు చూసి, పేపరు తీసుకుని, చదవడం రాదు కాబట్టి నంబరు మీద వేలు పెట్టి అటూ ఇటూ రుద్ది, మళ్లీ మడిచి తన టోపీలో పెట్టుకున్నాడు. అంతే నా పండుగ. గదిలోకి పోయి చూస్తే పాత ధోవతిలో చుట్టిన పిడికెడు పిల్ల. ఏ పరీక్షా రాయలేదు. కళ్లు కూడా తెరవలేదు. ఇల్లంతా దాని చుట్టే. నిజం చెబుతున్నాను, నాకు ఒళ్లు మండింది.

కాసేపటికే ఆ మంట భయమైంది. పిల్ల తాగడం లేదు. మేకపాలలో ముంచిన వత్తి పెదవుల మధ్య పెడితే అలాగే ఉంటోంది. పాలు బుగ్గ మీదుగా చెవిలోకి కారుతున్నాయి. చుక్కో రెండు చుక్కలో లోపలికి పోయినా వెంటనే కక్కేస్తోంది. పొద్దున సన్నగా ఏడ్చిన పిల్ల, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఏడవడం మానేసింది. చెల్లెలి రొమ్ములు రాయిలా గట్టిపడ్డాయి. మంత్రసాని ఒక గుడ్డ పెట్టి పిండుతుంటే చెల్లెలు పళ్లు కొరుక్కుంటోంది. గుడ్డ మీద పచ్చటి మరకలు.

"గా పాలే ఇయ్యరాదా?" అన్నాను. "మా హాస్టలుకు వచ్చే నర్సమ్మ చెప్పింది. మొదటి పాలే బలమట."

"పెండ్లిగాని పిల్లవు, నీకేం ఎరుక?" అంది అవ్వ. "మూడొద్దులు కాకముందు ముర్రుపాలు వోసి సంపమంటవా?"

"బర్రెది తింటం గదా!"

"బర్రె దూడ నాలుగు కాళ్ల మీద లేసి ఉరుకుతది. ఇది ఉరుకుతదా? నీ సదువు అవుతల వెట్టు జర."

మంత్రసాని గుడ్డ పక్కన పడేసి బిడ్డ కాళ్లు తడిమి చూసింది. చల్లబడుతున్నాయి. అవ్వ వైపు చూడకుండా, గోడకు చెబుతున్నట్టు అంది. "ఎదురింటామెను పిలుసుకోండ్రి. ఇగ నా తోని కాదు."

చెల్లెలు ఏడుస్తూ, "పిలువు అవ్వా" అంది. అవ్వ వత్తిని మళ్లీ పాలలో ముంచింది. మళ్లీ పెట్టింది. మళ్లీ చెవిలోకి కారింది. మగ్గం ఆగిపోయింది. బాపు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడి, అవ్వతో ఎన్నడూ గొంతెత్తని మనిషి, "పొల్ల పాణం కంటె నీ పంతం ఎక్కువనా?" అన్నాడు.

అవ్వ నా వైపు తల ఊపింది. నేను పరుగెత్తాను.

చిన్నవ్వ రాట్నం ముందే ఉంది. నేను ఎందుకు వచ్చానో చెప్పాలి. కానీ నోట్లోంచి మొదట వచ్చింది, "చిన్నవ్వా, నేను పాసైన!"

రాట్నం ఆగింది. లేచి రెండు చేతులతో నా ముఖం నిమిరి కణతల మీద మెటికలు విరిచింది. "పాసు కాక? నా కుడిపక్కదానివి కాదు? మీ కాలేజిల సార్లకు చెప్పినవా, ఎవ్వల పాలు తాగిన్నో?"

పొద్దున్నించి నేను ఎదురుచూసింది ఈ మాట కోసమే! ఒక్క క్షణం ఏ పిల్లా గుర్తు రాలేదు. తర్వాత చెప్పాను. పిల్ల తాగడం లేదని, ఏడవడం లేదని, కాళ్లు చల్లబడుతున్నాయని, రమ్మని.

ఆమె ముఖం మారింది. కూర్చుంది. కండె చేతిలోకి తీసుకుంది గానీ చుట్టలేదు.

"మీ అవ్వ పిలువుమన్నదా?"

"అవు."

"నీతోని చెప్పి పంపితె వస్తనా? ఇరవయ్యేండ్లాయె నా గడప తొక్కక. మీ అవ్వను రమ్మను. వచ్చి పిలిస్తె వస్త."

"చిన్నవ్వా, పిల్ల పోయేటట్టుంది."

"రమ్మను," అంది. గొంతు గట్టిగానే ఉంది. వేళ్లు మాత్రం దారాన్ని ఊరికే తెంపుతున్నాయి. అవ్వ రాదని ఆమెకు తెలుసు. రాకూడదని కోరుకుంటోందని నాకు అప్పుడు తెలియదు.

అవ్వ వచ్చింది. ఊడిన కొప్పుతో, చేతిలో ఆ వత్తితోనే వీధి దాటి వచ్చింది. గుమ్మం ముందు గుంపుగా ఉన్న ఆడవాళ్లంతా చూస్తుండగా ఎదురింటి గడప మీద కాలు పెట్టి, లోపలికి పెట్టిన కాలు వైపే చూస్తూ, "పిల్ల సప్పుడు చేస్తలేదు చెల్లె," అంది. పిలవలేదు. అడగలేదు. అంత మాత్రమే అంది.

చిన్నవ్వ లేచింది. మోచేతులు ముందు, ఆమె వెనక.

మా గదిలోకి వచ్చి కాళ్లు కడుక్కుని అందరినీ బయటికి తరిమింది. "నడువుండ్రి. దిష్టి తాకుతది. నువ్వు గూడ," అంది మంత్రసానితో. "నువ్వు గూడ," అంది నాతో. చెల్లెలు నా చెయ్యి వదల్లేదు. "అక్క ఉంటది చిన్నవ్వా."

చిన్నవ్వ తలుపు మూసి గొళ్లెం పెట్టింది. నన్ను చాలాసేపు చూసింది.

"కుడిపక్కోళ్లు మాట కడుపుల దాసుకుంటరు," అంది. "ఎరుక గదా?"

గోడకు వీపు ఆనించి కూర్చోలేదు. చెల్లెలి మంచం పట్టె మీద కూర్చుంది. బిడ్డ చుట్టూ ఉన్న గుడ్డ విప్పి, బిడ్డను తల్లి ఒంటికి ఆనించి, పైన తన కొంగు కప్పింది. అరికాలు మీద గోటితో తట్టింది. చెల్లెలి రొమ్మును మెల్లగా నొక్కి, వచ్చిన పచ్చటి చుక్కను బిడ్డ పెదవికి రాసింది.

"చిన్నవ్వా!" చెల్లెలు బెదిరింది. "గివి ముర్రుపాలు. మూడొద్దులు కాలే."

"తాగనియ్యి."

"నువ్వియ్యి! నిన్ను అందుకే గదా పిలిసిండ్రు?"

"నా దగ్గెర ఏమున్నది బిడ్డా?" అంది చిన్నవ్వ, బిడ్డ దవడ కింద వేలితో రాస్తూనే. "ఎండిపోయి రెండేండ్లాయె."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఈ రెండేళ్లలో వాడలో ఎందరు పుట్టారు? అందరి ఇళ్లకూ ఆమె పోయింది. అందరూ ఆమె పాలే తాగారని చెప్పుకున్నారు. సంతకు పోయినచోట కూడా చెప్పుకున్నారు.

"మరి గా పిల్లలంత?" అన్నాను.

"తల్లులయే తాగిండ్రు. గిట్లనే. తలుపేసి, ఒట్టు పెట్టిచ్చుకొని. గా మూలింటామె కోడలు ఒట్టు తప్పుతదేమో అని సూసిన, తప్పలే."

"ఏం కాలేదా వాళ్లకు?"

"కాలే." బిడ్డను కొంచెం పైకి జరిపింది. "మొదటిదానికి గిట్ల ఇప్పిచ్చిననాడు నాకు బువ్వ పోలే. పొల్లకు ఏమన్న అయితదేమో, నా పాణం తీస్తరేమో అని. తెల్లారి ఉరికిపోయి సూసిన. కాళ్లు కొట్టుకుంట నవ్వుతుంది, ముండ."

"చెప్పరాదా మరి? చిన్నవ్వా, గిది చెప్పాల్సిన ముచ్చట! నర్సమ్మ గూడ గిదే అన్నది. అందరికి చెప్తే..."

"చెప్తే," అంది ఆమె నా వైపు తిరిగి, "నన్నెవ్వలు పిలుస్తరు?"

అప్పుడే బిడ్డ నోరు కదిలింది. ఒకసారి ఆగింది. మళ్లీ కదిలింది. తర్వాత పట్టుకుంది. చెల్లెలు "అబ్బా!" అని అరిచి, నొప్పికి కళ్లలో నీళ్లు తిరుగుతుండగా నవ్వింది. గుటకల చప్పుడు వినిపించింది. చిన్నవ్వ చెయ్యి బిడ్డ దవడ కిందినుంచి తీయలేదు. అవసరం లేకపోయినా తీయలేదు. చెల్లెలు ఆ చేతి వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు.

"పట్టిందా?" బయటినుంచి అవ్వ గొంతు. తలుపు మీద వేళ్లు. "పట్టిందానే?"

చిన్నవ్వ లేచింది. కొంగు సర్దుకుంది, తానే ఇచ్చి లేచిన మనిషిలా. గొళ్లెం తీసింది. గుమ్మంలో అవ్వ, అవ్వ వెనక మంత్రసాని, మూలింటామె, మిగతా వాడంతా. చిన్నవ్వ మోచేతులు విప్పుకుని ఇరవై ఏళ్లుగా అంటున్న మాట అనడానికి నోరు తెరిచింది.

"నా పాలే తాగింది అవ్వా!"

మంచం మీదినుంచి చెల్లెలు. నిండా పద్దెనిమిది దాటని పిల్ల, రాత్రంతా నొప్పులు పడ్డ పిల్ల, ఈ మాట దాచాలన్నదే గుర్తు లేదు దానికి. "నేనే ఇచ్చిన! నా పాలే! ఎవ్వలయి గావు!"

అవ్వ చెల్లెల్ని చూసింది. మెల్లగా చిన్నవ్వను చూసింది. ముఖం కాదు, కొంగు కింద ఎండిన రొమ్ములను చూసింది. చిన్నవ్వ కొంగును రెండు చేతులతో దగ్గరికి లాక్కుంది. ఒకప్పుడు మా ఇంటికి వీపు పెట్టి కూర్చున్న ఆ మనిషికి ఇప్పుడు తిరిగి కూర్చోవడానికి ఏ దిక్కూ లేదు. ఇక అవ్వ ఒక్క మాట అంటే చాలు. ఆ చీర నాటి నుంచి దాచుకున్న మాట ఏదైనా సరే.

"ఏమంటుందే మీ చిన్నది?" మూలింటామె మెడ సాచి అడిగింది. "ఎవ్వల పాలంటుంది?"

"దానికేం ఎరుక?" అంది అవ్వ. "నొప్పులు పడి పడి సోయి లేకుంట మాట్లాడుతంది. ఈమెనే తాగిచ్చింది." అక్కడితో ఆగలేదు. వాడంతా వినేలా, ఆ మాట నోట్లోంచి వస్తుంటే ముఖం వంకరపోతున్నా సరే, "మా పెద్దదానికి గూడ ఈమెనే తాగిచ్చె. ఇప్పుడు డిగ్రి పాసయొచ్చింది. పోండ్రి ఇగ, బాలింతను పండనియ్యుండ్రి" అంది.

చిన్నవ్వ బిగించి పట్టుకున్న కొంగును మెల్లగా వదిలింది. జనం కదిలాక అవ్వ ఆమె చెవి దగ్గరికి వంగింది. "పొద్దుగాల్ల, మాపటీలి రా. ఎప్పటి తీరుగనే తలుపేసుకో. ఎవ్వలు రాకుంట నేను బయట కూసుంట."

కూర్చుంది కూడా. మూడు రోజులూ చిన్నవ్వ వచ్చి తలుపు వేసుకోవడం, అవ్వ గడప బయట పీట వేసుకుని కూర్చోవడం. ఎవరైనా వస్తే, "లోపట పాలిస్తుంది, మర్ల రాండ్రి" అని పంపించేది. తలుపు లోపల చిన్నవ్వ చెల్లెలికి ఏవో చెప్పేది. ఏ ఇంట్లో ఏ పిల్లాడు ఎలా కొరికాడో. చెల్లెలు నవ్వలేక నవ్వేది. ఆ నవ్వులు తలుపు సందుల్లోంచి వచ్చేవి. బయట అవ్వ ముఖం చూడాలి! ఒకసారి బియ్యంలో రాళ్లు ఏరుతూ ఏరుతూ రాళ్లు ఉంచి బియ్యం పారబోసింది.

మూడో రోజు మాపటి వేళ నవ్వులు మరీ ఎక్కువయ్యాయి. అవ్వ ఇక ఆగలేక తలుపు మీద కొట్టింది.

"ఏందే గా కిలకిలలు? పొల్ల పండాలె!"

గొళ్లెం తీసిన చప్పుడైంది. తలుపు సందులో చిన్నవ్వ ముఖం. "కండ్లు మండుతున్నయా అక్కా? అయితే లోపటికి రా."

అవ్వ చేట నా ఒళ్లో పెట్టి లోపలికి పోయింది. "నువ్వు కూసో గీడ. ఎవ్వలన్న వస్తె పాలిస్తుందని చెప్పు," అంది పోతూ పోతూ. తలుపు పడింది. కాసేపు గుసగుసలు. తర్వాత చిన్నవ్వ ఏదో అంది. అవ్వ, మా అవ్వ, గట్టిగా నవ్వింది. ఆ నవ్వుకు పసిది ఉలిక్కిపడి ఏడిస్తే, ముగ్గురూ కలిసి ఒక్కసారే ఊరుకోబెట్టారు.

నేను గడప బయట పీట మీద కూర్చుని, తలుపుకు చెవి ఆనించి, చేటలో బియ్యం అటూ ఇటూ చేస్తున్నాను. మూలింటామె వచ్చి ఏం జరుగుతోందని అడిగింది.

"పాలిస్తుంది," అన్నాను. "ఎవ్వలను రానిస్తలేరు."